పేజీ తిప్పని అమ్మాయి: టెక్సస్ హైస్కూల్ ఆర్కెస్ట్రాలో ఒక ఏడాది కేస్ స్టడీ

అక్టోబర్ రెండో వారం. సెకండ్ వయొలిన్లకు, అంటే కింది లైను వాయించే వయొలిన్ గుంపుకు, మాత్రమే పెట్టిన సెక్షనల్ క్లాసు. పీస్ సగంలో పేజీ అయిపోయింది. అన్ని స్టాండ్ల దగ్గరా కాగితం చప్పుడు వినిపించింది, మూడో స్టాండ్ దగ్గర తప్ప.

ఆర్కెస్ట్రాలో ఒక్కో స్టాండ్‌కి ఇద్దరు కూర్చుంటారు. ప్రేక్షకుల వైపు ఉన్నవాళ్లు ఆపకుండా వాయిస్తారు. లోపలి వైపు ఉన్నవాళ్లు ఒక్క క్షణం ఆపి పేజీ తిప్పుతారు. మూడో స్టాండ్ లోపలి కుర్చీలో ఉన్నది మన తెలుగమ్మాయి. తొమ్మిదో తరగతి. విశాఖపట్నం నుంచి వచ్చి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. పక్కనున్న అబ్బాయి మోచేత్తో తట్టాడు, ఉలిక్కిపడి తిప్పింది. పిల్లలు పేజీ మర్చిపోవడం మామూలే. నన్ను ఆపేసింది వేరే సంగతి. పేజీ తిరగకుండా గడిచిన ఆ ఎనిమిది బార్లనూ (తాళం ఆవర్తనాల్లాంటి చిన్న భాగాలు) ఆమె ఒక్క స్వరం తప్పకుండా వాయించింది, అయిపోయిన పేజీ వైపే చూస్తూ.

అంటే ఈ పిల్ల కాగితం చదవడం లేదు. బహుశా ఆగస్టు నుంచీ చదవలేదు. నేను రెండు నెలలుగా ఆమెకు వేరే జబ్బుకి మందు ఇస్తున్నాను.

డాలస్ ఉత్తర శివార్లలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతంలో ఒక పబ్లిక్ హైస్కూల్లో నేను అసిస్టెంట్ ఆర్కెస్ట్రా డైరెక్టర్‌ని. అమ్మాయి పేరు రాయడం లేదు, గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను. ఇంట్లోవాళ్లు సరే అన్నాకే రాస్తున్నాను. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలు ఇక్కడి స్కూల్ ఆర్కెస్ట్రాల్లో చేరడం ఏటేటా పెరుగుతోంది. వాళ్లకు పాఠం చెప్పే టీచర్లకు, పంపించే తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

చేరిన తీరు

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. టెక్సస్‌లో హైస్కూల్ పూర్తవ్వాలంటే ఫైన్ ఆర్ట్స్‌లో ఒక క్రెడిట్ తప్పనిసరి. బ్యాండ్, ఆర్కెస్ట్రా, కాయిర్ (బృందగానం) మూడూ టైమ్‌టేబుల్లో లెక్కల క్లాసులాగే ఉండే సబ్జెక్టులు, స్కూలయ్యాక నేర్చుకునే హాబీలు కావు. మా స్కూల్లో రోజు మార్చి రోజు తొంభై నిమిషాలు. అసలు చిక్కు ఎక్కడంటే, ఇక్కడి పిల్లలు ఆరో తరగతిలోనే వాయిద్యం పట్టుకుంటారు. హైస్కూల్‌కి వచ్చేసరికి మూడేళ్లు షీట్ మ్యూజిక్ (కాగితం మీద రాసిన సంగీతం) చదివి వస్తారు. కాబట్టి హైస్కూల్లో బిగినర్ ఆర్కెస్ట్రా అనేది ఉండదు. తొమ్మిదో తరగతిలో కొత్తగా వచ్చిన పిల్లని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ప్రతి ఆగస్టులోనూ మాకు తలనొప్పే.

ఈ అమ్మాయి ఆడిషన్‌కి వచ్చి, ఏం వాయించమంటారు అని కూడా అడగకుండా కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వయొలిన్ తలని కుడి చీలమండ మీద ఆనించి ఒక ఆది తాళ వర్ణం రెండు కాలాల్లో (మామూలు వేగంలో, రెట్టింపు వేగంలో) వాయించింది. మా హెడ్ డైరెక్టర్ నోరు తెరుచుకుని చూశాడు. ఆమెను రెండో స్థాయి ఆర్కెస్ట్రాలో వేద్దామన్నాడు. నేనూ తలూపాను. చదవడం వచ్చా అని అడిగితే “వచ్చు మిస్, యూట్యూబ్‌లో నేర్చుకున్నాను” అంది. ఎదురుగా ఒక కాగితం పెట్టి నాలుగు బార్లు చదివించి ఉంటే సరిపోయేది. చదివించలేదు. ఆ వాయింపు విన్నాక ఆ పరీక్ష పెట్టడం నాకు చిన్నతనంగా అనిపించింది. అదీ నా మొదటి తప్పు.

మూడో వేలు, గమకం

మొదటి నెలలో కనిపించిన తప్పులన్నీ చేతులవే. వాటిలో ఒకటి చెప్తాను, ఎందుకంటే కర్ణాటక వయొలిన్ నుంచి వచ్చిన పిల్లలందరిలోనూ నేను చూసిన తప్పు ఇదే.

మన శ్రుతిలో నాలుగు తీగలు కింది నుంచి మంద్ర షడ్జం (కింది ‘స’), మంద్ర పంచమం (కింది ‘ప’), మధ్య షడ్జం, మధ్య పంచమం. ఇక్కడ జి, డి, ఎ, ఇ. ఇక్కడి పద్ధతిలో ఏ రెండు పక్క తీగల మధ్యయినా ఒకే దూరం, ‘స’ నుంచి ‘ప’ దాకా ఉన్నంత. మన దాంట్లో నడిమి రెండు తీగల మధ్య మాత్రం ‘ప’ నుంచి పై ‘స’ దాకా ఉన్నంతే. ఒక మెట్టు తక్కువ. కాబట్టి ఆ తీగ మీద మన వేళ్లు ద, ని దగ్గర ఆగిపోతాయి. మూడో వేలితో పని లేదు, పక్కన వట్టి తీగ మోగిస్తే ‘స’ వచ్చేస్తుంది. స్కూల్ వయొలిన్‌లో అదే చోట డి తీగ ఉంటుంది. దాని మీద మూడో వేలు వేస్తేనే జి స్వరం. ఆ తర్వాతే వట్టి ఎ తీగ. అలవాటుపడిన చెయ్యి మూడో వేలిని మింగేసి ఒక మెట్టు ముందే తీగ దాటేస్తుంది. జి రావాల్సిన చోట ఎ మోగుతుంది. డి మేజర్ పీస్‌లో ఆ జి ఎన్నిసార్లు వస్తుందో వయొలిన్ పట్టుకున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

వేళ్ల పలక మీద ఎర్ర స్టిక్కర్ ఒకటి అంటించి, రోజూ ఐదు నిమిషాలు ఆ ఒక్క తీగ మీదే స్కేల్ చేయించాను. రెండు వారాల్లో సరిపోయింది. కుర్చీలో కూర్చుని గడ్డం కింద వయొలిన్ నిలబెట్టుకోవడం నెలన్నర పట్టింది. మన పద్ధతిలో వాయిద్యం బరువు కాలు మోస్తుంది కాబట్టి ఎడమ చెయ్యి తీగ మీద ఎక్కడికైనా జారగలదు. ఇక్కడ జారితే వయొలినే జారుతుంది. షోల్డర్ రెస్ట్ మూడు రకాలు మార్చాం. ఇందులో కొత్తేమీ లేదు.

గమకం దగ్గర, అంటే స్వరాన్ని ఊపి పలికించే దగ్గర, నేను తొందరపడ్డాను. నాలుగు బీట్ల పొడుగు స్వరం ఇస్తే ఆమె వేలు దానంతట అదే ఊగేది. పద్నాలుగు మంది ఒకే స్వరం పట్టుకున్నప్పుడు ఆ ఒక్క కంపితం అన్నంలో రాయిలా తగిలేది. హెడ్ డైరెక్టర్ పోడియం మీంచి రెండుసార్లు ఇటు చూశాడు. నేను ఆమెను పక్కకు పిలిచి తెలుగులోనే చెప్పాను: “ఇక్కడ గమకాలు వద్దమ్మా. ఆ నేర్చుకున్నదంతా కాసేపు మర్చిపో.”

మర్చిపోయింది. వారం తిరిగేసరికి గమకం పోయింది. దాంతోపాటు నాదం కూడా పోయింది. కమాను తీగకు ఆనీ ఆనకుండా, పక్కనున్నవాడికి కూడా వినపడనంత మెల్లగా వాయించడం మొదలుపెట్టింది. గుంపులో రాయి తగలడం లేదు కదా అని నేను సంతోషించి, ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో “మంచి మార్పు” అని రాశాను. సెప్టెంబర్ చివర్లో వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. “మేడమ్, ఏమీ అనుకోవద్దు. శనివారం రాత్రి వైజాగ్ గురువుగారి ఆన్‌లైన్ క్లాసుకి కూర్చోనంటోంది. ఇంట్లో రెండు వయొలిన్లూ పెట్టెలు తియ్యడం లేదు.” మన శనివారం రాత్రి ఎనిమిదంటే అక్కడ ఆదివారం తెల్లవారుజామున ఆరున్నర. ఆ గురువుగారు ఆ వేళకి లేచి, స్నానం చేసి, తంబురా పెట్టుకుని కూర్చునేవారట. రెండు వారాలు వరసగా ఖాళీ స్క్రీన్ చూసి కట్టేశారట.

నేను విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ డిప్లొమా చేసినదాన్ని. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన కాలేజీ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన కాలేజీ. ముప్పై దాటాక ఇక్కడికొచ్చి, మళ్లీ మొదటి నుంచి కుర్చీలో కూర్చుని నేర్చుకున్నాను. ఆ అవస్థ పడినదాన్నే ఇంకో పిల్లతో మర్చిపో అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కారు స్టార్ట్ చెయ్యలేదు.

అసలు సమస్య ఎక్కడుంది

పేజీ సంగతి బయటపడిన మర్నాడు ఆమెను ప్రాక్టీస్ రూమ్‌కి పిలిచి మూడు చిన్న పనులు ఇచ్చాను.

ఎన్నడూ చూడని ఎనిమిది బార్ల కాగితం పెట్టాను. చాలాసేపు చూసి, “ఒక్కసారి వాయించి చూపిస్తారా మిస్?” అంది. వాయించాను. వెంటనే మొత్తం తిరిగి వాయించేసింది, నేను కావాలని వేసిన ఒక తప్పుతో సహా. తర్వాత అదే ట్యూన్‌ని వేరే ఆధార స్వరంతో, బి ఫ్లాట్‌లో, రాసి ఇచ్చాను. అది ఇందాకటిదే అని కాగితం చూసి పోల్చుకోలేకపోయింది. చివరికి స్వరాల పేర్లు ఒక్కొక్కటే చదవమన్నాను. తెలుసు, కానీ కూడబలుక్కుంటూ చదివింది. ఒకటో తరగతి పిల్లవాడు “ప-ల-క” అన్నట్టు. నాలుగు బార్లకు నిమిషం పైనే పట్టింది.

మరి రెండు నెలలు ఎలా నెట్టుకొచ్చింది? ఆమే చెప్పింది. మేం పంచిన ప్రతి పీస్‌కీ ఇంటర్నెట్‌లో రికార్డింగ్ దొరుకుతుంది. మూడుసార్లు వింటే సెకండ్ వయొలిన్ లైను చెవికి చిక్కుతుంది. దొరకనిచోట పక్కవాడి వేళ్లు చూసి వెంట్రుకవాసి ఆలస్యంగా వాయించేది. కొత్త పీస్ పంచిన రోజు కమాను గాల్లో ఆడించేది. చప్పుడు లేకుండా వాయించడం ఎందుకు మొదలైందో అప్పుడు అర్థమైంది. నేను చెప్పిన గమకం మాట సగం కారణం. మిగతా సగం భయం.

సోమరితనం అనుకుంటే పొరపాటు. మన పద్ధతిలో స్వరం రాసుకున్న పుస్తకం గుర్తు చేయడానికి పనికొస్తుంది. పాఠం మాత్రం గురువు గొంతులోంచే రావాలి. పుస్తకం చూస్తూ కచేరీ చేసేవాణ్ణి మనవాళ్లు ఏమంటారో తెలిసిందే. ఎనిమిదేళ్లు “విను, పట్టుకో, చూడకు” అని పెంచిన చెవి అది. ఆ చెవి అంత బలంగా ఉండబట్టే కంటికి పని పడలేదు.

ఇంకో అడ్డం కూడా ఉంది. మనకు ‘స’ ఎక్కడికైనా జరుగుతుంది. పాడేవాళ్ల గొంతును బట్టి శ్రుతి మార్చుకుని బిరడలు తిప్పుకుంటాం, వేళ్లు వేసే చోటు మారదు. ఇక్కడ తీగల శ్రుతి కదలదు, కీ (పీస్‌కి ఆధారమైన స్వరం) మారినప్పుడల్లా వేళ్లే కొత్త చోటు వెతుక్కోవాలి. కాగితం మీద కీని చెప్పే రెండు ఫ్లాట్ గుర్తులు కనిపిస్తే ఆమె మెదడు తీగల్ని మళ్లీ శ్రుతి చేసుకోవాలని చూసేది.

మూడు గదులు

నోట్ పేర్ల స్టిక్కర్లు, ఫ్లాష్ కార్డులు, ఫోన్ యాప్ మూడు వారాలు వాడాం. పేర్లు చెప్పే వేగం పెరిగింది, వాయించేటప్పుడు ఏమీ మారలేదు. వాటి గురించి ఇంతకంటే రాయను.

దారి దొరికింది ఎదుటి గదిలో. మా ఫైన్ ఆర్ట్స్ కారిడార్‌లో ఆర్కెస్ట్రా గదికి ఎదురుగా కాయిర్ గది. నవంబర్‌లో ఒకరోజు కాఫీ కోసం వెళ్తూ విన్నాను, అక్కడి పిల్లలు కొత్త పాటని మాటలు లేకుండా డో, రే, మి అంటూ పాడుతున్నారు. మరుసటి పాట వేరే కీలో ఉంది, అక్కడా మొదటి మెట్టు డోనే. చేత్తో ఒక్కో స్వరానికి ఒక్కో ముద్ర. ఇంగ్లండ్‌లో జాన్ కర్వెన్ పంతొమ్మిదో శతాబ్దంలో వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతి అది, తర్వాత హంగరీలో స్వరకర్త కొడాయ్ అనుచరులు దాన్ని పాఠశాలలకు ఎక్కించారు. కదిలే డో అంటారు. నేను ఇన్నేళ్లుగా రోజూ ఆ తలుపు ముందు నుంచే నడుస్తున్నాను. అది మన కదిలే ‘స’ అని ఆ రోజు దాకా తట్టలేదు.

కాయిర్ డైరెక్టర్‌ని అడిగి అమ్మాయిని వారానికి మూడు రోజులు అడ్వైజరీ పీరియడ్‌లో అక్కడికి పంపాను. వయొలిన్ లేదు, కాగితం, గొంతు అంతే. మొదటి రోజే అడిగిందట, సరిగమల్లో పాడొచ్చా అని. “అదేంటో నాకు తెలీదు, కానీ కాగితం మీద ఉన్నదే పాడాలి” అన్నారట ఆవిడ. ఎఫ్ మేజర్ అయితే ఎఫ్ ‘స’, డి మేజర్ అయితే డి ‘స’. మేజర్ స్కేల్ అంటే మన శంకరాభరణం రాగం స్వరాలే, చిన్నప్పటి నుంచి నోట్లో నానినవే. రెండు వారాలకు ఎనిమిది బార్లు ఆగకుండా పాడుతోంది.

మైనర్ కీ దగ్గర గొడవైంది. కాయిర్ గదిలో మైనర్ మొదటి మెట్టును లా అంటారు, అంటే మన ‘ద’. ఆమె నా దగ్గరికి వచ్చి దాదాపు కోపంగా, “ఆధార షడ్జాన్ని ధైవతం అంటున్నారు మిస్, అదెలా కుదురుతుంది?” అంది. గ్రహభేదం గుర్తు చేశాను. శంకరాభరణంలో ధైవతాన్ని షడ్జం చేసుకుంటే నఠభైరవి రాగం వస్తుంది, అదే ఇక్కడి మైనర్. కాయిర్ వాళ్లు పాత ఇంటిపేరు మార్చుకోకుండా కొత్తింట్లో కాపురం పెట్టారు, అంతే అన్నాను. నవ్వింది. ఆగస్టు తర్వాత ఆ పిల్ల నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ రోజు నుంచి తన పార్ట్ మీద ప్రతి కీ సిగ్నేచర్ (కీని చెప్పే గుర్తులు) పక్కనా ‘స’ ఎక్కడుందో పెన్సిల్‌తో చిన్నగా తెలుగులో రాసుకునేది.

గమకం మాట కూడా ఆ వారమే వెనక్కి తీసుకున్నాను. ముత్తుస్వామి దీక్షితుల వారి నొట్టుస్వరాలు ఆమెకు వచ్చు, ‘శక్తిసహిత గణపతిం’ ఏడేళ్లప్పుడు నేర్చుకుందట. నోట్ అన్న మాటే మన నోట్లో పడి నొట్టు అయింది. పాశ్చాత్య ట్యూన్లకు దీక్షితులు సంస్కృత సాహిత్యం కట్టారు. వాటిని గమకం లేకుండా నిటారుగా పాడటమే సంప్రదాయం. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులే ఈ పరాయి వాయిద్యాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన తొలివాళ్లలో ముఖ్యుడు. “మర్చిపో అన్నాను, తప్పు నాది. ఇక్కడ వాయించేదంతా నొట్టుస్వరం అనుకో. మిగతాది మీ గురువుగారి దగ్గర దాచుకో” అన్నాను. కమాను తీగ మీద ఆనడం మర్నాటి క్లాసులోనే మొదలైంది. మూడు నెలల్లో నేను చేసిన పనుల్లో అన్నిటికంటే తక్కువ టైమ్ పట్టినది ఇదే. శనివారం క్లాసు మళ్లీ మొదలవడానికి మాత్రం జనవరి దాకా ఆగాల్సి వచ్చింది.

మూడో గది బ్యాండ్ హాల్. ఫుట్‌బాల్ సీజన్ ముగిసేదాకా, ఆ మ్యాచుల్లో వాయించే బ్యాండ్ వాళ్లను కదిలించడం ఎవరి తరమూ కాదు. డిసెంబర్‌లో పెర్కషన్ టీచర్‌ని పట్టుకున్నాను. తాళంలో ఈ అమ్మాయికి లోటేమీ లేదు, ఆది తాళంలో అనాగతం, అతీతం ఎడుపులన్నీ (తాళం మొదటి దెబ్బకు తర్వాతో ముందో పాట ఎత్తుకోవడం) అలవోకగా వేస్తుంది. రానిది ఒకటే, ఊరుకోవడం. పదిహేడు బార్ల విరామం అని కాగితం మీద ఉంటే ఆమెకు అది శూన్యం. లయ వాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనం తప్పిస్తే మన కచేరీలో వయొలిన్ అంతసేపు చేతులు కట్టుకుని కూర్చోదు కదా. పెర్కషన్ పిల్లల బతుకే విరామాలు. నలభై బార్లు లెక్కపెట్టి ఒక్కసారి తాళాలు కొట్టి మళ్లీ కూర్చుంటారు. వాళ్లు “ఒకటి-రెండు-మూడు-నాలుగు, రెండు-రెండు-మూడు-నాలుగు” అంటూ ప్రతి బార్‌నీ దాని సంఖ్యతో మొదలుపెడతారు. ఈమె దాన్ని మోకాలి మీద లఘువు వేళ్లతో (తాళంలో చిటికెన వేలి నుంచి లెక్కపెట్టడం) కలిపేసింది. వెనక వరసలో ఇప్పుడు ఇంకో ఇద్దరు అమెరికన్ పిల్లలు కూడా మోకాలి మీద చిటికెన వేలి నుంచి లెక్కపెడుతున్నారు.

కండక్టర్ కర్ర వైపు చూడటం మాత్రం చివరిదాకా పోరాటమే. కాలప్రమాణం చెడకూడదని ఎనిమిదేళ్లు నేర్చుకున్న పిల్లకు, పీస్ చివర్లో కండక్టర్ కావాలని నెమ్మదిస్తే అది తప్పులాగే వినిపిస్తుంది.

ఫిబ్రవరిలో పోయిన ఊతకర్ర

టెక్సస్‌లో 1984లో వచ్చిన చట్టం ఒకటుంది, నో పాస్ నో ప్లే అంటారు. కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులు తప్ప, ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే ఆ విద్యార్థి కొన్నాళ్లు పోటీలకు రాకూడదు. ఫుట్‌బాల్‌కి వర్తించినట్టే వయొలిన్‌కీ వర్తిస్తుంది. మార్చిలో యూఐఎల్ (టెక్సస్ స్కూళ్ల పోటీలు నడిపే సంస్థ) పెట్టే కచేరీ, సైట్ రీడింగ్ (కొత్త కాగితాన్ని అప్పటికప్పుడు చదివి వాయించడం) మదింపు. ఫిబ్రవరి గ్రేడ్లు వచ్చాయి, మూడో స్టాండ్ అబ్బాయి కెమిస్ట్రీ పోయింది. ఈమె అక్టోబర్ దాకా ఎవరి వేళ్లు చూసి నెట్టుకొచ్చిందో వాడే. వాడి చోటులోకి వచ్చిన అమ్మాయి చదవడంలో ఈమె కంటే నెమ్మది.

నేను కంగారుపడి స్కూలయ్యాక ప్రాక్టీస్ పెంచుదామనుకున్నాను. స్కూల్ వేళల బయట వారానికి ఎనిమిది గంటలే అని యూఐఎల్ పరిమితి ఉంది, ఆ గంటలు అప్పటికే నిండిపోయాయి. వాళ్ల నాన్నగారు “ఎక్స్‌ట్రా క్లాసులు పెట్టండి మేడమ్, ఎంతయినా పర్లేదు” అన్నారు. కుదరదని చెప్తే నమ్మలేదు. విజయవాడలో ఇంటర్ చదివినవాళ్లకు ఎనిమిది గంటలు దాటకూడదనే రూలు నమ్మశక్యం కాకపోవడంలో వింతేముంది.

తల్లిదండ్రులతో ఇంకో మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. సెకండ్ వయొలిన్ అంటే సెకండ్ ర్యాంక్ కాదు. ఫస్ట్ వయొలిన్లు పై పాట పట్టుకుంటే సెకండ్లు కింద దారి వేస్తారు, రెండు వేర్వేరు పనులు. అలాగే యూఐఎల్ ఇచ్చే 1 ఫస్ట్ ర్యాంక్ కాదు. అది 1 నుంచి 5 దాకా ఇచ్చే రేటింగ్. బాగా వాయిస్తే ఆ రోజు వచ్చిన ఆర్కెస్ట్రాలన్నిటికీ 1 రావచ్చు. వాళ్లమ్మగారు ఓపిగ్గా విని, “అయితే ఫస్ట్ వయొలిన్‌లోకి ఎప్పుడు మారుస్తారండీ?” అన్నారు.

ఊతకర్ర పోవడమే మంచిదైందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడైతే నిద్ర పట్టలేదు. కొత్త జంటలో ఈమెను ప్రేక్షకుల వైపు కుర్చీకి మార్చాను. ఇక పేజీ తిప్పడం పక్కమ్మాయి పని, ఆపకుండా వాయించడం ఈమె పని. పక్కకు చూస్తే అక్కడ ఏమీ దొరకదు. మొదటి వారం ఇద్దరూ కలిసి మునిగారు. రెండో వారం నుంచి పక్కమ్మాయే ఈమె వేళ్లు చూడటం మొదలుపెట్టింది.

మార్చి

వేదిక మీద మూడు పీసులు, ముగ్గురు జడ్జీలు. అది గడిచింది, 1 వచ్చింది. తర్వాత సైట్ రీడింగ్ గది. అక్కడ ఫోల్డర్లో మూసి ఉన్న పీస్ ఇస్తారు, ఎవరూ అంతకుముందు చూసి ఉండరు. డైరెక్టర్‌కి వివరించడానికి కొద్ది నిమిషాలు ఉంటాయి, పిల్లలు వాయించకూడదు. తీగ మీద చప్పుడు లేకుండా వేళ్లు ఆడించుకుంటారు. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. ఫోల్డర్ తెరవగానే ఆమె కళ్లు ముందు కీ సిగ్నేచర్ మీదికి వెళ్లాయి, పెదవులు ఒక్కసారి కదిలాయి. ‘స’ వెతుక్కుంటోంది. తర్వాత కిందికి జారి కీ మారిన చోట ఆగాయి, మళ్లీ పెదవులు.

మొదటి సగం బాగా వెళ్లింది. కీ మారిన చోట తప్పిపోయింది. కమాను ఆగింది, భుజాలు బిగుసుకున్నాయి. అక్టోబర్‌లో అయితే పక్కవాడి వైపు చూసేది. ఇప్పుడు కాగితం మీంచి కళ్లు తియ్యలేదు. ఎడమ చేతి చిటికెన వేలు వయొలిన్ మెడ మీద మెల్లగా తడుతోంది, బార్లు లెక్కపెడుతోంది. ఆరు బార్లు పోయాయి. తర్వాతి రిహార్సల్ లెటర్ (పీస్‌లో చోటు గుర్తుకు వేసే అక్షరం) మొదటి బీట్ మీద, అందరితోపాటు కిందికి వచ్చే కమానుతో మళ్లీ కలిసింది. ఆ వెంటనే డి తీగ మీద జి ఉంది. మూడో వేలు పడింది.

సైట్ రీడింగ్‌లో మా ఆర్కెస్ట్రాకి 2 వచ్చింది. రెండు చోట్లా 1 వస్తేనే స్వీప్‌స్టేక్స్ అనే బహుమతి. హెడ్ డైరెక్టర్ బస్సులో మాట్లాడలేదు. ఆ 2కి ఆమె ఆగిపోవడమే కారణం కాదు, వయోలాలు (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాయిద్యాలు) మొత్తం కీ మార్పును మింగేశాయి. ఆమె మాత్రం తనవల్లే అనుకుని ఏడ్చింది. తప్పిపోయాక తిరిగి కలవడం ఈ ఏడాది మొత్తంలో నేను నేర్పిన ముఖ్యమైన పాఠమని చెప్పాను. నమ్మినట్టు లేదు. పదిహేనేళ్ల పిల్ల, ఎందుకు నమ్ముతుంది.

ఈసారి వేరేగా చేసేవి

ఆడిషన్‌లో ఎంత బాగా వాయించినా, నాలుగు బార్లు చదివించకుండా ఇప్పుడు ఎవర్నీ పంపడం లేదు. అలా చదివిస్తే ఈ ఆగస్టులో మరో ఇద్దరు దొరికారు. ఒకడు సుజుకి పద్ధతిలో చెవితో నేర్చుకున్న అమెరికన్ పిల్లవాడు. కాబట్టి దీన్ని కర్ణాటక సంగీతం తెచ్చిన సమస్య అనడం మానేశాను. ఆ ఇద్దరినీ సెప్టెంబర్ మొదటి వారంలోనే కాయిర్ గదికి పంపాం.

గురువుగారితో ఆగస్టులోనే మాట్లాడాల్సింది. నేను ఫోన్ చేసింది జనవరిలో. ఆయన అంతా విని, “దాని చెవిని నేను పాడు చెయ్యలేదు కదమ్మా?” అని అడిగారు. నేను అడగాల్సిన ప్రశ్న ఆయన నోట విని సిగ్గుపడ్డాను. ఇప్పుడు శనివారం క్లాసు చివరి పది నిమిషాలు ఆయన ఆమెతో స్కూల్ పీస్ పాడించుకుంటున్నారు. కాగితం ఆయనకు కనిపించదు. ఆమె చదువుతూ సరిగమల్లో పాడుతుంది, ఆయన వింటారు.

ఈ ఏడాది కూడా ఆమె సెకండ్ వయొలిన్‌లోనే ఉంది, రెండో స్టాండ్. మా ప్రాంతం స్కూళ్ల పిల్లల్లోంచి ఎంచే రీజియన్ ఆర్కెస్ట్రా ఆడిషన్‌కి వెళ్లింది, తెర వెనక కూర్చుని వాయించింది, సెలెక్ట్ కాలేదు. ఎట్యూడ్ (సాధన కోసం రాసిన పీస్) రెండో పేజీలో ఎత్తు స్వరాల దగ్గర పడిపోయింది. నాలుగో వేలు బలహీనంగా ఉంది. మన పద్ధతిలో దానికి పెద్ద పని ఉండదు, ఎనిమిదేళ్లు అది ఊరికే కూర్చుంది. సోమవారం నుంచి దాని మీద పడతాం.